రోడ్డుకి అవతలి సెనెటర్

మా ఊళ్ళో తెలుగువాళ్ళు ఒకాయనకి సన్మానం చేశారు. మా సెనెటర్ అనుకుని చేశారు. ఆయన మా సెనెటర్ కాడు. ఆ సంగతి విడమరిచి చెప్పాక కూడా ఒక్కరికీ సిగ్గు వేయలేదు.

1982 నాటి సంగతి. షికాగో పక్కన నేపర్‌విల్‌లో కొత్తగా వేసిన కాలనీలో మా ఇల్లు. మా ఆయన హరనాథ్ మత్తు డాక్టరు. నేను సబ్బుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుని. కాలనీలో తెలుగు డాక్టర్లు చాలామంది ఉండేవారు. రోడ్డు దాటితే అపార్ట్‌మెంట్లు. అక్కడా తెలుగువాళ్ళే, కాకపోతే కొత్తగా వచ్చినవాళ్ళు, ఉద్యోగం ఊడినవాళ్ళు, ఇంకా సిటిజన్‌షిప్ రానివాళ్ళు. ఇటువైపు ఇళ్ళల్లో పుట్టినరోజు పండగైతే అటువాళ్ళకి పిలుపు ఉండేది కాదు. సత్యనారాయణ వ్రతానికి ప్రసాదం చేసే చెయ్యి కావలసి వచ్చినప్పుడు మాత్రం బంధుత్వాలు గుర్తొచ్చేవి.

శశికళ అటువైపు మనిషి. కాకినాడలో ఎం.బి.బి.ఎస్. చదివింది. భర్త నరసింహ ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ ఏడాది ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు శశికళ జీతం మీద నడిచేది. నేను ఆమెకి కారు డ్రైవింగ్ నేర్పాను. స్టీరింగ్ పట్టుకుని వణుకుతూ పక్కనున్న మనిషికి చెప్పుకునే మాటలు వేరు, అలా దగ్గరయ్యాం.

ఆమె పనిచేసేది రాష్ట్ర ప్రభుత్వపు మానసిక వైద్యశాలలో. ఈ దేశంలో రెసిడెన్సీ, అంటే ఇక్కడి ఆస్పత్రిలో కొన్నేళ్ళ ట్రైనింగు, చేయనివాళ్ళకి డాక్టరు లైసెన్సు ఇవ్వరు. శశికళ ఎన్ని ఆస్పత్రులకి అప్లై చేసినా సీటు రాలేదు. అయితే పిచ్చాసుపత్రి వార్డుల్లో పనిచేయడానికి అమెరికన్ డాక్టర్లు రారు గనక, అక్కడ మాత్రమే చెల్లే పర్మిట్ ఒకటి ఇచ్చి మనలాంటి దేశాల డాక్టర్లని పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ పర్మిట్లు వచ్చే జూన్‌తో రద్దు చేస్తామన్నారు. అన్నేళ్ళు అక్కడ పనిచేసినవాళ్ళని లైసెన్సు పరీక్షకి కూర్చోనివ్వాలని ఒక బిల్లు పెట్టించడానికి ఆస్పత్రి ఉద్యోగులు తిరుగుతున్నారు. లైసెన్సు ఊరికే ఇమ్మని కాదు, పరీక్ష రాయనివ్వమని. ఆ బిల్లు ముందుకు పోవాలంటే స్టేట్ సెనేట్‌లో ఒక కమిటీ దాటాలి. దానికి ఛైర్మన్ వాల్టర్ క్రెన్‌షా అనే సెనెటరు. మన దగ్గర ఎమ్మెల్యే ఎలాగో ఇక్కడ రాష్ట్రానికి సెనెటరు అలాగ, ఆయన నియోజకవర్గాన్ని డిస్ట్రిక్ట్ అంటారు.

మన డాక్టర్లు ఇంతమంది ఉన్నారు కదా, వాళ్ళు ఒక్క మాట చెబితే ఆయన వినడా అని శశికళ నన్ను అడిగింది. న్యాయమైన కోరికే అనిపించి, మా తెలుగు సంఘం ప్రెసిడెంటు రామమోహన్‌గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన సర్జన్. చేతికి మైకు దొరికితే అవతల భోజనాలు చల్లారిపోవలసిందే. నా మాట పూర్తిగా విన్నాడు, తల ఊపాడు.

“అడగడం ఏమిటమ్మా, ముందు మనిషిని గౌరవించాలి. గౌరవిస్తే పని అదే అవుతుంది. దసరా ఫంక్షన్‌కి చీఫ్ గెస్ట్‌గా పిలుద్దాం,” అన్నాడు.

మేము దసరా, దీపావళి రెండూ కలిపి హాలు ఖాళీగా ఉన్న ఏదో ఒక శనివారం చేసేవాళ్ళం. ఆ ఏడాది ఎన్నికలకి నెల ముందు వచ్చింది. హైస్కూలు ఆడిటోరియంలో ఆయనకి కార్నేషన్ పూల దండ, పట్టు శాలువా, ‘ఆంధ్ర బంధు’ అనే బిరుదు చెక్కిన ఇత్తడి పలక. ఏ ఆంధ్రుడికి ఏ బంధువో అడిగినవాడు లేడు. మెడలో దండ వెంటనే తీసేయాలని పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదు. దాంతోనే పులిహోర తిన్నాడు, దాంతోనే ఫొటోలు దిగాడు. ఫొటోల కోసం మా డాక్టర్లు తోసుకున్న తోపులాట తిరుపతి క్యూలో కూడా చూడలేదు. ఆపరేషన్ థియేటర్లో నర్సు భుజం తగిలితే కసురుకునే మనుషులు, ఆయన పక్కన నిలబడడానికి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు.

శశికళ వెంకటగిరి చీర కట్టుకుని స్టేజి మెట్ల దగ్గర నిలబడింది. ఆయనతో చెప్పవలసినవి రెండు మాటలు, ఎంతో సేపు పట్టదు, కారులో వస్తూ నాకు అప్పజెప్పింది కూడా. ఆయన మెట్లు దిగేటప్పుడు ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. రామమోహన్‌గారు మధ్యలోకి వచ్చాడు. అతిథిని పిలిచి కోరికలు కోరడం మన సంప్రదాయం కాదని, తరువాత తాను విడిగా మాట్లాడతానని, తన మీద వదిలేయమని నవ్వుతూనే చెప్పి పక్కకు నెట్టాడు. సెనెటరు వెళ్ళిపోయాడు. ఎందుకు పిలిచామో ఆయనకి తెలియకుండానే సన్మానం ముగిసింది.

ఆ తరువాతి వారం శశికళ ఇంటి తలుపు ఎవరో కొట్టారు. నేను అక్కడే ఉన్నాను. వచ్చింది మార్గరెట్ డూలన్ అనే ఆవిడ, స్కూలు లైబ్రేరియన్, క్రెన్‌షా మీద పోటీ చేస్తున్న మనిషి. చలికి ముక్కు ఎర్రబడి ఉంది. శశికళ తనకి ఇంకా సిటిజన్‌షిప్ రాలేదని, ఓటు లేదని, ఇక్కడ టైము వృథా చేసుకోవద్దని గుమ్మంలోనే చెప్పేసింది. ఆవిడ కదలలేదు.

“ఓటు లేకపోతే ఏం? మీరు ఇక్కడ ఉంటున్నారు కదా. జనాభా లెక్కల్లో మిమ్మల్నీ, ఇక్కడి మానసిక వైద్యశాలలో పేషెంట్లనీ కలుపుకునే ఈ డిస్ట్రిక్ట్ గీశారు. గెలిస్తే మీకు కూడా నేనే సెనెటర్ని.”

ఆ మాట అని లోపలికి వచ్చి కూర్చుంది. టీ తాగింది. పర్మిట్ సంగతి మొదటినుంచీ చెప్పించుకుంది. అర్థం కానిచోట మళ్ళీ అడిగింది. గెలిస్తే ఆ బిల్లు మీద మొదటి సంతకం తనదే అంది. ఈ దేశం వచ్చాక శశికళని ఒక రాజకీయ మనిషి ప్రశ్న అడగడం అదే మొదలు. నన్ను కూడా ఎవరూ అడగలేదు.

నేను నా ఓటు ఆవిడకే అన్నాను. మా ఇల్లెక్కడో అడిగి, సంచిలోంచి మ్యాపు తీసి టేబుల్ మీద పరిచింది. జనాభా లెక్కల తరువాత హద్దులన్నీ మార్చి కొత్తగా గీశారట. మా రెండు కాలనీల మధ్య ఉన్న రోడ్డే ఇప్పుడు సరిహద్దు. అపార్ట్‌మెంట్లు, ఆస్పత్రి ఒక డిస్ట్రిక్ట్. మా కాలనీ ఇంకో డిస్ట్రిక్ట్. మా సెనెటరు వేరే ఎవరో. నా ఓటు ఆవిడకి పనికి రాదు. శాలువా కప్పిన చేతుల్లో ఒక్క చేతికీ క్రెన్‌షాకి ఓటు వేసే హక్కు లేదు.

ఆ రాత్రే రామమోహన్‌గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వాడు. సెనెటర్ అంటే సెనెటరే, రోడ్డుకి ఇటైతే ఏమిటి అటైతే ఏమిటి అన్నాడు. అసలు కొత్త హద్దుల సంగతి ఆయనకి ఎలా తెలుస్తుంది, ఓటు వేసే మనిషైతే కదా. మనవాళ్ళలో సగానికి సగం సిటిజన్‌షిప్ తీసుకున్నది తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ స్పాన్సర్ చేయడానికి. ప్రెసిడెంటు ఎన్నిక వస్తే టీవీ చూస్తారు. మిగతావన్నీ పనిదినాలు.

అటువైపు అపార్ట్‌మెంట్లలో ఓటున్న తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. డూలన్ కాగితాలు పట్టుకుని వాళ్ళ చుట్టూ తిరిగాను. సంఘంవాళ్ళు క్రెన్‌షాకి సన్మానం చేశారు గనక ఈవిడకి వేస్తే మాట పోతుందని ఒకరు అన్నారు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఆవిడ గెలిచేదుందా అని ఇంకొకరు. మా ఆయన్ని అడిగి చెప్తానని ఒకావిడ లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంట్లో మా ఆయన, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని నన్ను వెక్కిరించాడు. నవంబరులో డూలన్ ఓడిపోయింది. తేడా చాలా తక్కువ. ఆ అపార్ట్‌మెంట్లలో మనవాళ్ళు చెప్పులు వేసుకుని ఎదురుగా స్కూల్లో ఉన్న పోలింగు బూత్ దాకా నడిచి ఉంటే చెరిగిపోయే తేడా.

డిసెంబరులో రామమోహన్‌గారు కొత్త ఆలోచన చెప్పాడు. సెనెటర్ని ఎవరింటికైనా భోజనానికి పిలిచి, కొద్దిమంది డాక్టర్లు కూర్చుని శశికళ విషయం తీరిగ్గా మాట్లాడాలని. ఇల్లు పెద్దది గనక మాదే అన్నారు. నాకు అంతకన్నా కావలసిందేముంది. రెండు రోజులు సెలవు పెట్టి వండాను. పెసరట్లు, గారెలు, కోడి పలావు, పూర్ణాలు. శశికళని కూడా పిలుస్తానంటే, మనిషి ఎదురుగా ఉంటే ఒత్తిడి చేసినట్టుంటుందని మా ఆయన వద్దన్నాడు. అదీ నిజమే కాబోలు అనుకున్నాను. మగవాళ్ళు కింద ఫ్యామిలీ రూమ్‌లో, ఆడవాళ్ళం పైన వంటింట్లో. అమెరికా వచ్చి ఎన్నాళ్ళైనా ఆ ఏర్పాటు మాత్రం మారలేదు. వేడి గారెలు పట్టుకుని నేను మెట్లు దిగినప్పుడల్లా మాటలు ఆగేవి, రుచుల గురించి మొదలయ్యేవి. సెనెటరు వెళ్తూ వెళ్తూ నా వంట జీవితంలో మరిచిపోనన్నాడు. అంతా మాట్లాడేశాం, ఇక శశికళకి బెంగ అక్కర్లేదని చెప్పు అని రామమోహన్‌గారు నాతో అన్నాడు. నేను ఆ మాట రాత్రే ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఫోన్‌లో ఏడ్చింది.

ఏప్రిల్‌లో బిల్లు కమిటీ ముందుకి వచ్చింది. రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్. నేనూ శశికళా తెల్లవారుతూనే నా కారులో బయలుదేరాం. దారి పొడుగునా ఇంకా విత్తనం పడని మొక్కజొన్న పొలాలు, నల్లటి మట్టి. శశికళ చెప్పవలసిన మాటలు మళ్ళీ అప్పజెప్పింది. సంఘంవాళ్ళు ఎవరూ రాలేదు. రావలసిన పని లేదు, అంతా మాట్లాడేశాం అన్నారు కదా.

కమిటీ గదిలో ఎత్తైన బల్ల వెనక సెనెటర్లు. క్రెన్‌షా మధ్యలో. మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించి నమస్తే అన్నాడు. శశికళ మైకు ముందు కూర్చుంది. తన వార్డులో మనుషుల గురించి చెప్పింది. మందులు వేయించుకోవడానికి ఒక్కొక్కరూ ఎలా మొండికేస్తారో, ఎవరి దగ్గర ఏ మాట పనిచేస్తుందో చెప్పింది. తాను వెళ్ళిపోతే ఆ వార్డుకి వచ్చే డాక్టరు లేడని చెప్పింది.

“నాకు లైసెన్సు ఇవ్వమని అడగడం లేదు. పరీక్ష పెట్టండి. తప్పితే నేనే వెళ్ళిపోతాను,” అంది.

గదిలో ఒకరిద్దరు తలలు ఊపారు. అప్పుడు క్రెన్‌షా కళ్ళజోడు తీసి, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఈ విషయంలో తన డిస్ట్రిక్ట్‌లోని భారతీయ డాక్టర్ల పెద్దలతో స్వయంగా సంప్రదించానన్నాడు. పిచ్చాసుపత్రి పర్మిట్ డాక్టర్లకీ తమకీ జనం తేడా తెలుసుకోలేరని, వీళ్ళకి దారి తెరిస్తే తమ అందరి పేరూ పోతుందని, ప్రమాణాల కోసం ఈ బిల్లుని ఇక్కడే ఆపమని వాళ్ళే తనని కోరారన్నాడు. తాను ప్రాతినిధ్యం వహించేది వాళ్ళకి గనక వాళ్ళ మాట కాదనలేనన్నాడు. ఆ మాటలు ఒక చక్కటి ఇంట్లో, చక్కటి భోజనం మీద జరిగాయని, ఆ ఇంటి ఇల్లాలు ఈ గదిలోనే ఉందని నా వైపు చూసి తల వంచాడు.

శశికళ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

నాకు ఒళ్ళంతా మండింది. ఆ రెండు రోజులూ నేను ఏ నూనె ముందు నిలబడ్డానో ఆ నూనె వాసన మళ్ళీ ముక్కుకి తగిలింది. తడిగుడ్డతో గొంతు కోశారు. కోసింది ఈ తెల్లాయన కాదు. ఆయన ఊరికే కూర్చుని గారెలు తిన్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత. మైకు ఎక్కడుందో చూడకుండా లేచి నిలబడ్డాను.

“ఆ ఇల్లు మాది,” అన్నాను. వీధి పేరు, ఇంటి నంబరు, మా ఆయన పేరు, రామమోహన్‌గారి పేరు చెప్పాను. “మా వీధి మీ డిస్ట్రిక్ట్‌లో లేదు. రోడ్డుకి అవతల ఉంది. ఆ పూట ఆ గదిలో మీతో కూర్చున్నవాళ్ళు ఒక్కరు కూడా మీ మనుషులు కారు. మీ డిస్ట్రిక్ట్ మనిషి ఈవిడ. మీరు మాట్లాడవలసింది ఈవిడ తరఫున.”

సాక్ష్యం చెప్పడానికి ముందుగా పేరు ఇవ్వలేదని ఎవరో నన్ను ఆపబోయారు. క్రెన్‌షా చెయ్యి ఊపి, పరవాలేదు, ఆ మాటలు కూడా రికార్డులో ఉండనివ్వండి అన్నాడు. ఆయన ముఖం ఎర్రబడలేదు, గొంతు మారలేదు. హద్దు ఎక్కడుందో ఆయనకి మొదటినుంచీ తెలుసు. గీసినవాళ్ళలో ఆయనొకడు. శశికళ వైపు తిరిగి, డాక్టర్, మీరు ఓటరేనా అని అడిగాడు. కాదని, సిటిజన్‌షిప్‌కి ఇంకా ఏడాది పడుతుందని ఆమె చెప్పింది.

“అయితే అప్పుడు తప్పకుండా రండి,” అని నవ్వాడు.

బిల్లుని ఓటింగుకి పెట్టలేదు, అంటే అది అక్కడితో ఆగిపోయినట్టే. తరువాతి విషయానికి వెళ్ళిపోయారు. అది ఏదో చేపల చెరువుల లైసెన్సుల గురించి.

తిరుగు ప్రయాణంలో శశికళ పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు కూడా దిగలేదు. మళ్ళీ హైవే ఎక్కాక అడిగింది.

“మీకు తెలియదు కదూ, వసుమతిగారూ?”

“తెలియదు, శశీ.”

“తెలియదని నాకూ తెలుసు. కానీ మా ఆయనకి ఏమని చెప్పను? ఎవరు ఆపారని అడుగుతారు. ఎవరో అమెరికన్లు ఆపారంటే ఓర్చుకుంటారు.”

ఆమె అపార్ట్‌మెంటు ముందు దింపాను. ఎప్పుడూ లోపలికి రమ్మని చెయ్యి పట్టుకు లాగే మనిషి, ఆ రోజు కారు తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళిపోయింది. నాకు కోపం రాలేదు. ఆమె చేతి తిండి తినే ముఖం నాకూ లేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన సోఫాలో పేపరు చదువుకుంటున్నాడు. ఏమైందని అడిగాడు. ఏమైందో నీకు డిసెంబరులోనే తెలుసు కదా అన్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు. ఆయన పేపరు మడిచాడు. కంగారు పడలేదు. తాను రెసిడెన్సీలో పడ్డ పాట్లు నాకు తెలియవా అన్నాడు. నల్లగా ఉన్న డాక్టర్ని చూస్తే ఇప్పటికీ పేషెంట్లు వేరే డాక్టరు లేడా అంటారని, పిచ్చాసుపత్రివాళ్ళకి కూడా లైసెన్సులు ఇచ్చేస్తే మా అందరినీ ఒకే గాటన కట్టేస్తారని చెప్పాడు. శశికళ మీద తనకి కోపం లేదట. మంచి పిల్లట. ఇది మనుషుల సంగతి కాదట, కమ్యూనిటీ సంగతట.

“పరీక్ష రాస్తానంది. ఆమె తప్పుతుందని భయమా, ప్యాసవుతుందని భయమా?”

ఒకరి తరఫున మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళు అన్నీ ఆలోచించాలి, నీకు అర్థం కాదు అన్నాడు. ఆ ‘తరఫున’ అన్న మాటని నేను లెక్కపెట్టి చూశాను. శశికళ తరఫున సెనెటరు, సెనెటరు తరఫున వీళ్ళు, వీళ్ళ తరఫున రామమోహన్. ఇంతమంది తరఫు మనుషుల మధ్య ఆమె తరఫున ఒక్కడు లేడు. జూన్ వచ్చింది, పర్మిట్ పోయింది. ఆగస్టులో వాళ్ళు టెక్సస్‌లో ఇర్వింగ్ వెళ్ళిపోయారు, అక్కడ నరసింహకి ఏదో పని దొరికిందని. శశికళ నాకు ఫోన్ నంబరు ఇవ్వలేదు.

కానీ అదంతా తరువాతి మాట. ఆ సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్తుంటే మా ఆయన వెనకనుంచి పిలిచాడు. అక్కడ నువ్వేమైనా మాట్లాడావా అని అడిగాడు. మాట్లాడానన్నాను.

“మా పేర్లు చెప్పావా?”

“చెప్పాను. రికార్డులో రాసుకున్నారు. ఇంటి నంబరుతో సహా.”

అప్పుడు ఆయన ముఖం వాడిపోయింది. లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆ రికార్డు ఎవరైనా చూడొచ్చా, ఆస్పత్రివాళ్ళు చూస్తారా, పేపర్లో వేస్తారా, పేర్లు తీయించే దారి ఏమైనా ఉందా అని వరసగా అడిగాడు. రామమోహన్‌కి ఫోన్ చేయాలని నంబరు వెతికాడు, రెండుసార్లు తప్పు నంబరు తిప్పాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. శశికళ ఏమంది అని ఆయన ఆ పూట అడగలేదు, ఆ తరువాత కూడా అడగలేదు.